లక్షణాలేమీ లేకపోయినా మూత్రం కల్చర్‌లో బ్యాక్టీరియా కనిపిస్తే మందు వాడాలా?

అందరికీ నమస్కారం. మా అమ్మకు డెబ్బై దాటాయి, చాలా ఏళ్లుగా మధుమేహం ఉంది. సంక్రాంతి తర్వాత మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లవలసి రావడం మొదలయ్యాయి. మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్షలో ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఉందని తేలింది. ఏ మందుకు లొంగుతుందో చూసి డాక్టరు నైట్రోఫ్యురాంటోయిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. కోర్సు ముగిసేసరికి పూర్తిగా తగ్గిపోయింది.

అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది. సాధారణ ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలో ఎవరూ అడగకుండానే మళ్లీ కల్చర్ చేశారు. మిల్లీలీటరుకు 1,00,000కు పైగా అదే బ్యాక్టీరియా ఉందట! అమ్మకు మాత్రం జ్వరం లేదు, మంట లేదు, నడుము పక్కన నొప్పి లేదు. పూజలు, వంటలు మామూలుగానే చేసుకుంటోంది.

ఇలా లక్షణాలు లేనప్పుడు, మధుమేహం ఉన్నా సరే, యాంటీబయాటిక్ సాధారణంగా అక్కర్లేదని చదివాను. గర్భిణులకు, మూత్రనాళానికి సంబంధించిన కొన్ని శస్త్రచికిత్సలకు ముందు మాత్రం ఇస్తారట. అనవసరంగా వాడితే బ్యాక్టీరియా మందుకు మొండికేస్తుందన్నదే నా భయం. మా బాబాయి మాత్రం "రిపోర్టులో అంత స్పష్టంగా ఉంటే ఊరుకుంటావా?" అని పోరు పెడుతున్నాడు. రిపోర్టులు చదవడంలో ఆయనకు ఆయనే సాటి.

డాక్టరును వచ్చే వారం కలుస్తాం. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇలా జరిగితే డాక్టర్లు మందు ఇచ్చారా, వేచి చూడమన్నారా? షుగరుకు అమ్మ డాపాగ్లిఫ్లోజిన్ వాడుతోంది, దానివల్ల మూత్రంలో చక్కెర పోతుంది కదా, ఆ సంగతీ అడగాలా? ఇన్‌ఫెక్షన్ తిరిగి రాకుండా యోనిలో రాసే ఈస్ట్రోజన్ (హార్మోన్) క్రీము వాడినవారు ఉంటే మీ అనుభవం కూడా చెప్పండి.