నా పాటలన్నీ ఒకే నడకలో పడుతున్నాయి, ఏం చేయాలి?

కొత్తపల్లవి:
ఆరేళ్లుగా పాటలు రాసుకుంటున్నాను. బాణీ కూడా నేనే కట్టుకుంటాను, హార్మోనియం మీద. ముప్పై పైచిలుకు అయ్యాయి. మొన్న అన్నీ వరసపెట్టి పాడుకుంటే తెలిసింది, సగానికి పైగా తకిట తకధిమి నడకే. రాగమూ మోహన దాటడం లేదు. నడక ఎక్కడిదో తెలుసు. గురజాడ ముత్యాలసరాలు అర్థం తెలియని వయసులోనే నోటికొచ్చేశాయి. తర్వాత అన్నమయ్య. మాటను ఎలా పలికించాలో ఈ ఇద్దరి దగ్గరే నేర్చుకున్నాను, వాళ్లను వదులుకోలేను. కానీ కొత్త పాట మళ్లీ ఇలాగే వచ్చింది:

రాత్రి దాటని దీపమొక్కటి
గడప దగ్గర వెలుగుతున్నది

ఈ పాదాలు నాకు చాలా ఇష్టం. అయినా పాడుతుంటే పాత పాటే పాడుతున్నట్టుంది. మీరైతే ఏం చేస్తారు?

దరువు:
మీ పాదం మూడు, నాలుగు, మూడు, నాలుగు. పాదానికి 14 మాత్రలు, అంటే అక్షరం పలికే కాలానికి కొలతలు. ఏడు లెక్కల మిశ్రచాపు తాళంలో చక్కగా కూర్చుంటుంది. చెవిలో పడ్డ నడక ఊరికే పోదండీ. దాదాపు అవే మాటలతో చతురశ్రంలో, అంటే నాలుగేసి మాత్రల నడకలో, రాసి చూడండి:

దీపం ఒక్కటి రాత్రిని దాటక
గడపను కాస్తూ వెలుగుతు ఉన్నది

నాలుగు నాలుగులు, 16 మాత్రలు. ఆదితాళంలో పాడుకోవచ్చు. 'దీపమొక్కటి' సంధి విడిపోగానే ఆ దీపం నిజంగా ఒంటరిదైంది, గమనించారా?

వీణతీగ:
రాగం సంగతి. మోహనలో అంతర గాంధారం (పై గ) తీసి సాధారణ గాంధారం (దాని కింది గ) పెట్టండి, శివరంజని రాగం అవుతుంది. మిగతా నాలుగు స్వరాలూ అవే. 'గడప' దగ్గర ఆ గాంధారం మీద కాసేపు నిలబడండి.

రాగిరేకు:
నడక మార్చాలని నాకైతే అనిపించలేదు. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద కీర్తనకు రాగం పేరుంది గానీ స్వరాలు లేవు. ఇప్పుడు మనం వినే బాణీలు చాలామటుకు 20వ శతాబ్దంలో కట్టినవే. అంటే మీకు అన్నమయ్య ఇచ్చింది ముఖ్యంగా సాహిత్యం. మరి ఆయన పల్లవి కట్టే తీరు తీసుకున్నారా? చాలా కీర్తనల్లో చరణం చివరి మాట పల్లవి మీదికి ఒరిగితే గానీ వాక్యం పూర్తికాదు. మీ పల్లవి 'వెలుగుతున్నది' అని తలుపు వేసేసింది. ఆ క్రియ తీసేయండి.

కొత్తపల్లవి:
రాత్రంతా దీనితోనే కూర్చున్నాను. క్రియ తీసేశాను. ఇప్పుడు పల్లవి 'గడప దగ్గర దీపమొక్కటి' అంతే. చరణం చివర 'ఎవరికోసం' అని ఆపి పల్లవి అందుకుంటే ఒళ్లు జలదరించింది. 'ఎవరికోసం' కూడా మూడూ నాలుగే, కాబట్టి పల్లవిని ఏడులోనే ఉంచేశాను. శివరంజని గాంధారం 'గడప' మీద నిలిచింది, వీణతీగ గారూ. రెండో చరణం మాత్రం దరువు గారు చెప్పిన నాలుగుల్లో రాస్తున్నాను. అక్కడి నుంచి మళ్లీ ఏడులోకి దిగేచోట ఇంకా తడబడుతోంది.