వర్కౌట్ అయి గంటైనా బీపీ దిగట్లేదు, స్టెరాయిడ్స్ వాడినవాళ్లు చెప్పండి

బరువులబాబు:
నాకు 29. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ మొదలుపెట్టి పది వారాలైంది, ఈమధ్య ఒక స్టెరాయిడ్ ట్యాబ్లెట్ కూడా కలిపా. ఇదివరకు వర్కౌట్ అయ్యాక గంట ఆగి చూస్తే 114, 116 ఉండేది, పొద్దున చూసినదానికన్నా తక్కువే. ఇప్పుడేమో 150/94 దగ్గరే నిలబడిపోతోంది, రాత్రి పక్కకి తిరిగి పడుకుంటే చెవిలో గుండె చప్పుడు వినిపిస్తోంది. బరువులు పెంచినందుకా, మందు వల్లా? భయంగా ఉంది.

రెండోసెట్:
ముందు కఫ్ (చేతికి చుట్టే బీపీ మిషన్ పట్టీ) మార్చి చూడు బ్రో. చెయ్యి లావైతే మామూలు కఫ్ చాలదు, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, పెద్దది కొన్నాక నాకు 8 పాయింట్లు తగ్గింది. కాఫీ, ప్రీవర్కౌట్ (వర్కౌట్‌కి ముందు తాగే హుషారు డ్రింక్) తాగిన అరగంటలోపు చూడకు. వీపు ఆనించి అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడకుండా రెండుసార్లు చూస్కో.

పాతఇనుము:
కఫ్ మాట నిజమే కానీ తమ్ముడూ, మొత్తం దానిమీద తోసెయ్యకు. ఊపిరి బిగబట్టి లెగ్ ప్రెస్ కొట్టేటప్పుడు పై నంబర్ 300 దాటడం కూడా ఉంది, సెట్ వదిలిన కొన్ని సెకన్లకే పడిపోతుంది. ఆ తర్వాత రక్తనాళాలు కాసేపు వదులుగా ఉంటాయి కాబట్టి కొన్ని గంటలపాటు బీపీ మామూలు కంటే కిందే ఉండాలి, నీకు ఇదివరకు కనిపించిన 114 అదే. స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి, ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుంది, నాళాలు వదులయ్యే గుణం తగ్గుతుంది. నేను మూడేళ్లు వాడా. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 56 వచ్చింది, డాక్టర్లు రాసిచ్చే టెస్టోస్టెరాన్ కూడా 54 దాటితే ఆపేస్తారట. ఎకోలో (గుండె స్కాన్) గుండె ఎడమ గోడ మందం 13 మిల్లీమీటర్లు. ఆపేశాక బీపీ దిగింది, గోడ మాత్రం పూర్తిగా వెనక్కి రాలేదు.

జిమ్మేలోకం:
నేనైతే బీపీ ట్యాబ్లెట్ వేసుకుంటూ సైకిల్ (స్టెరాయిడ్ కోర్సు) పూర్తి చేశా, ఏం కాలేదు.

పాతఇనుము:
ఏం కాలేదని ఎకో తీయించుకుని చెప్తున్నావా? ఆ ట్యాబ్లెట్ నంబర్‌ని దించుతుంది, చిక్కబడ్డ రక్తాన్ని కాదు, పడిపోయిన మంచి కొలెస్ట్రాల్‌నీ కాదు, అందులోనూ నోటితో వేసుకునే స్టెరాయిడ్లు దాన్ని మరీ దారుణంగా పడగొడతాయి. కోపంతో అనట్లేదు, నేనూ ఇదే మాట చెప్పుకుంటూ తిరిగినవాణ్నే.

తెల్లకోటు:
ఆసుపత్రిలో పనిచేస్తా. బాబుగారూ, వాడుతున్న మందుల పేర్లు, డోసు డాక్టర్‌కి దాచకుండా చెప్పండి, దాస్తే కిడ్నీ జబ్బేమో ఇంకోటేమో అని వేరే దారిలో వెతుకుతూ కూర్చుంటారు. ఆపడం కూడా వాళ్లని అడిగే ఆపండి, సొంత టెస్టోస్టెరాన్ మళ్లీ తయారవ్వడానికి నెలలు పట్టొచ్చు, ఆ రోజుల్లో మనసు బాగా కుంగిపోయినవాళ్లని చూశా. 180/120 దాటి ఛాతీలో నొప్పో, ఆయాసమో, చూపు మసకో వస్తే మాత్రం ఇక్కడ టైప్ చెయ్యకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

బరువులబాబు:
వెళ్లొచ్చా, అన్నీ చెప్పేశా, తిట్టలేదు. పెద్ద కఫ్‌తో 142/90, హెమటోక్రిట్ 53, మంచి కొలెస్ట్రాల్ 21. 24 గంటల మిషన్ కట్టి పంపారు, నిద్రలో కూడా బీపీ దిగట్లేదని తేలింది. స్టెరాయిడ్ ట్యాబ్లెట్ ఆ రోజే మానేశా, ఇంజెక్షన్ సంగతి ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టర్ చూస్తారు, ఎకో శుక్రవారం. పాతఇనుము అన్నా, మీకు ఆపాక బీపీ దిగడానికి ఎన్ని వారాలు పట్టింది?

పాతఇనుము:
నాకు 11 వారాలు. నువ్వు వాడింది తక్కువ కాలం. ఎకో రాగానే గోడ మందం ఎంతో ఇక్కడ పెట్టు, చూస్తూ ఉంటా.