గోండ్వానా అన్న పేరు మహాఖండానికి ఎలా చేరింది?

హనుమకొండ ఉపాధ్యాయిని:
ఖండాల పుట్టుక పాఠంలో గోండ్వానా పేరు రాగానే, ఇది మన ఆదిలాబాద్ గోండుల పేరేనా అని పిల్లలు అడిగారు. అవునన్నాను. ఆఫ్రికా, అంటార్కిటికాలను కూడా కలుపుకున్న మహాఖండానికి ఆ పేరు ఎలా దక్కిందో తెలిసినవారు వివరంగా రాయగలరు.

భూపాలపల్లి గని ఉద్యోగి:
మేడమ్, ఆ పేరును మొదట పెట్టింది రాళ్లకు. మధ్య భారతంలో గోండు రాజులు ఏలిన సీమను గోండ్వానా అనేవారు. అక్కడి బొగ్గు పొరలున్న శిలలకు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన మెడ్లికాట్ 1872లో ఆ పేరు వాడారు. మన గోదావరి లోయ బొగ్గు కూడా ఆ శిలల్లోనిదే. బొగ్గు పొరల మధ్య రాళ్లలో గ్లోసాప్టెరిస్ అనే మొక్క ఆకుల అచ్చులు దొరుకుతాయి. గ్రీకులో నాలుక, ఫెర్న్ అని అర్థమిచ్చే రెండు మాటలను కలిపి 1828లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త బ్రోనియార్ ఆ పేరు కట్టారు. అది ఫెర్న్ కాదని, విత్తనాలు కాసే మొక్క అని తర్వాత తేలినా పేరు అలాగే నిలిచింది. ఇవే ఆకులు దక్షిణ అమెరికాలోను, ఆఫ్రికాలోను కనిపించడంతో, ఈ నేలలన్నీ ఒకప్పుడు కలిసే ఉండేవని తలచిన ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్యూస్ 1885లో ఆ భూభాగాన్ని గోండ్వానాలాండ్ అన్నారు. మధ్యనున్న నేల సముద్రంలో కుంగిపోయిందని ఆయన భావించారు. ఖండాలే కదిలాయని జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ ప్రతిపాదించింది 1912లో.

ఉట్నూరు పాఠకుడు:
మేము మా భాషలో కోయితూర్ అని చెప్పుకుంటాము. గోండు అన్నది ఇతరులు మమ్మల్ని పిలిచిన పేరు. అయినా దక్షిణార్ధగోళపు ప్రాచీన భూమికి ఆ పేరు ఉండడం మాకు నిజంగా గర్వకారణం. కేస్లాపూర్ నాగోబా జాతరకు వచ్చే మా పిల్లలకు ఈ సంగతి తెలియాలి. పాఠ్యపుస్తకంలో ఖండం పేరు పక్కన ఈ జాతిని గురించి ఒక్క వాక్యమైనా ఉండాలని నా కోరిక.

హనుమకొండ ఉపాధ్యాయిని:
తప్పక చెబుతాను, అన్నా. వానా అంటే వనమే అయితే, చివర లాండ్ అవసరమా?

భూపాలపల్లి గని ఉద్యోగి:
అందుకే చాలామంది శాస్త్రవేత్తలు గోండ్వానా అని మాత్రమే రాస్తారు. భారతదేశంలోని ప్రాంతానికీ, మహాఖండానికీ తేడా తెలియాలని లాండ్‌ను ఉంచేవారూ ఉన్నారు. నాకు రెండో పద్ధతే స్పష్టంగా తోస్తుంది.

మంచిర్యాల పాఠకురాలు:
గోండ్వానా శిలల నుంచే మరో పేరు వచ్చింది. ప్రాణహిత లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన డైనోసార్‌కు 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త ‘కోటసారస్ యామనపల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. కోట అన్నది ఆ శిలల పొర పేరు, సారస్ అంటే గ్రీకులో బల్లి, చివరిది ఊరి పేరు. దాని అస్థిపంజరం హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది.