ప్రాముఖ్యతలో ఆ ‘త’ ఎందుకు?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, ఫ్లెక్సీల షాపు. మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండక్కి మా వీధి కుర్రాళ్ళు పది అడుగుల బేనరు చెప్పారు. హెడ్డింగు ‘సిరిమానోత్సవ ప్రాముఖ్యత’. రెండు పక్కలా ప్రముఖుల ముఖాలు పోగా మిగిలిన జాగాలో అది ఒక వరసలో పట్టడం లేదు. జిరాక్సు కోసం వచ్చి నా వెనకాల నిలబడ్డ ఒక రిటైరైన తెలుగు మాష్టారు, “బాబూ, చివర త తీసెయ్. తప్పూ పోతుంది, జాగా కూడా కలిసొస్తుంది” అన్నారు. తీశాను. చక్కగా పట్టేసింది.

ఆయన చెప్పింది ఇది. ‘ప్రముఖ’కి ‘య’ చేరి, మొదటి అచ్చు సాగి ‘ప్రాముఖ్యం’ అవుతుంది. దానితోనే భావం వచ్చేసింది. మళ్ళీ త తగిలిస్తే చొక్కా మీద చొక్కా తొడుక్కున్నట్టు. నిపుణత అనొచ్చు, నైపుణ్యం అనొచ్చు, నైపుణ్యత కుదరదు. విశిష్టత, వైశిష్ట్యం కూడా అంతే. సౌందర్యత అని ఎవరైనా అంటే నవ్వుతాం. ప్రాముఖ్యత, ప్రాధాన్యత అంటే మాత్రం మన చెవికి ఏమీ అనిపించదు. చిత్రం.

ఇంటికొచ్చాక ఇంకో సందేహం పట్టుకుంది. ప్రాముఖ్యం, ప్రాధాన్యం, విశిష్టత, సార్థకత ఇవన్నీ ఒకటేనా? ఒకదాని బదులు ఇంకోటి వేసెయ్యొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలకొండ టీచరు గారు: వెయ్యలేం తమ్ముడూ. ప్రాధాన్యం అనాలంటే పక్కన పోటీ ఉండాలి. ‘క్యూలో గర్భిణులకు ప్రాధాన్యం’ అంటాం, అక్కడ ప్రాముఖ్యం అతకదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస అందులో ఉంది. ప్రాముఖ్యానికి వరసతో పని లేదు, నిలబడ్డ చోటే పెద్దగా కనిపిస్తుంది. విశిష్టత అంటే మిగతావాటి నుంచి విడదీసి చూపేది. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం, పొడుగాటి మాను కొసన పూజారి కూర్చుంటే, మూడు లాంతర్ల కూడలి దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారే, అదీ విశిష్టత. మీ బేనరులో ఆ సంగతులే రాస్తే హెడ్డింగు కూడా అదే ఉండాలి. త కూడా హాయిగా ఉంచుకోవచ్చు!

నేను: అమ్మో, అక్కా! మాష్టారు త తీయించారు, మీరు పదమే మార్పించేశారు. సార్థకత సంగతి కూడా చెప్పండి.

టీచరు గారు: అది వేరే ఇంటి పిల్ల. ప్రయోజనం నెరవేరడం. జన్మ సార్థకమైంది అంటాం. పేరుకి తగ్గ మనిషి సార్థకనామధేయుడు. పేపర్లలో కనిపించే ‘అర్థవంతమైన చర్చ’ వేరు, అందులో విషయం ఉంటే చాలు. ఆ చర్చ వల్ల పని జరిగితే అప్పుడు సార్థకం. నాకు ముచ్చటేసేది ‘అర్థం’ లేనప్పుడు పుట్టే మాటలు. నిరర్థకం అంటే దేనికీ కొరగానిది, వ్యర్థం అంటే వృథా, అనర్థం అంటే ఏకంగా ముప్పు, అపార్థం అంటే ఒకటంటే ఇంకోటి అనుకోవడం, ఇద్దరి మధ్య తగువు. ఒక్క అర్థం ఎన్ని రకాలుగా చెడిందో చూడండి.

నరసన్నపేట నుంచి ఒకరు: వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వారు పుట్టిన ఉత్తరాంధ్రలో కూర్చుని జనం నోట్లో ఉన్న మాటని తప్పంటారా? ఐక్యత కూడా ఇలాంటిదే కదా. ఏకం నుంచి ఐక్యం, దాని మీద త. దాన్నీ తీసేస్తారా?

నేను: తీసెయ్యనండీ. ఎవరైనా ప్రాముఖ్యత అంటే ఆపి దిద్దేంత పంతులుతనం నాకు లేదు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజు ఫ్లెక్సీలు కొట్టేవాణ్ణి నేను! కాకపోతే మీరు చెప్పే జనం నోట్లో నిజంగా ఏముందో చూడండి. మా అమ్మమ్మ ప్రాముఖ్యమూ అనదు, ప్రాధాన్యమూ అనదు. “సిరిమాను సూడకపోతే పండగైనట్టే నేదు” అంటుంది. పెళ్ళి మాటలప్పుడైతే “ఆడి మామ నేందే ఏ పనీ అవదు”. మనిషి ఎంత ముఖ్యమో లేనప్పుడు ఏం ఆగిపోతుందో దాన్ని బట్టి చెబుతుంది. లెక్క, ఖాతరు కూడా చూడండి. లెక్కచెయ్యడు, ఖాతరు చెయ్యడు అనే ఎక్కువ వింటాం. ఫలానావాడు నన్ను బాగా ఖాతరు చేస్తాడని ఎవరైనా అనగా విన్నారా?

పాలకొండ టీచరు గారు: విన్లేదు. మా పిల్లలకైతే ముఖ్యమైన ప్రశ్నలు లేవు, ఇంపార్టెంట్లే ఉన్నాయి. ‘మేడమ్, ఇంపార్టెంట్లు ఇచ్చెయ్యండి’.

బొబ్బిలి దగ్గర పల్లె నుంచి ఒకరు: కీలకాన్ని మరిచిపోయారు. కీలం అంటే మేకు. మా తాత బండికి ఇరుసు చివర చక్రం జారకుండా వేలెడంత ఇనప సీల ఉండేది. సంతకి బయల్దేరే ముందు వంగి దాన్ని ఒకసారి చేత్తో తడిమి గానీ బండి ఎక్కేవాడు కాదు. పేపర్లో ‘కీలక సమావేశం’ అని చదివినప్పుడల్లా నాకు ఆ సీలే గుర్తొస్తుంది. ఆ సమావేశాల్లో సగం రద్దయినా ఏ చక్రమూ ఊడదు, అది వేరే సంగతి.

నేను: ఇది బాగుంది అన్నయ్యా. బేనరు ఏమైందని ఇద్దరు మెసేజీ పెట్టారు కాబట్టి చెబుతున్నాను. అక్క చెప్పినట్టు ‘విశిష్టత’ వేసి చూపించాను. కుర్రాళ్ళు కాసేపు చూసి, “ఏటన్నా ఇది, గుళ్ళో పుస్తకంలాగుంది. పాతదే ఉంచెయ్” అన్నారు. పోనీ త లేకుండా ఉంచుదామంటే, ఏదో తగ్గినట్టుందన్నారు. ఫోటోలు చిన్నవి చేద్దామంటే అస్సలు ఒప్పుకోలేదు. నిన్న సాయంత్రం కట్టేశారు. పై వరసలో ‘సిరిమానోత్సవ ప్రాముఖ్య’, కింద వరసలో ఒక్క ‘త’.