అరబ్బీలో పరువు పోవడానికి ఎన్ని మాటలో (లౌమ్, ధమ్, ఆర్, ఐబ్)

పొద్దున ఎవరో ‘ఆర్’ అంటే సిగ్గు అని రాశారు, తప్పేం కాదు గానీ అన్నిటికీ సిగ్గు అనే రాసుకుంటూ పోతే ఆ భాషలో ఉన్న తేడాలన్నీ ఎగిరిపోతాయండీ. లౌమ్ అంటే చేసిన పనికి నిలదీయడం, మనల్ని మనం నిలదీసుకోవడానికీ అదే మాట, ఖురాన్ 75వ సూరా మొదట్లోనే ‘నఫ్సె లవ్వామా’ (తనని తాను నిలదీసుకునే మనసు) అని వస్తుంది. ధమ్ అలా కాదు, మద్హ్ అంటే పొగడ్త కదా దానికి ఎదురు, పనితో పాటు మనిషినే దించేస్తుంది. ఫదీహా అంటే గుట్టు రట్టయి నలుగుర్లో నవ్వులపాలవడం. ఆర్ అంటే మాత్రం మచ్చ, చేసినవాడితో పోదు, తెగ మొత్తానికి అంటుకుంటుంది.

దీనికి జరీర్ పద్యమే ఉదాహరణ. ఉమయ్యద్ ఖలీఫాల కాలంలో, అంటే ఇంచుమించు 1300 ఏళ్ల కిందట, జరీర్, ఫరజ్దఖ్ అనే ఇద్దరు కవులు ఏళ్ల తరబడి పద్యాలతో తిట్టుకున్నారు, ఒకడు ఏ ఛందస్సులో ఏ ప్రాసతో తిడితే రెండోవాడు అదే ఛందస్సు అదే ప్రాసలో తిరగ్గొట్టాలి, ఇరాక్‌లోని బస్రాలో మిర్బద్ సంతలో జనం మూగి వినేవాళ్లు. మధ్యలో నుమైర్ తెగ కవి రాఈ అనేవాడు ఫరజ్దఖ్‌ని వెనకేసుకొచ్చి ఇరుక్కున్నాడు. జరీర్ అన్నదల్లా ఇదీ: ‘చూపు దించుకో, నువ్వు నుమైర్ వాడివి, కఅబ్‌కీ సాటి రావు, కిలాబ్‌కీ సాటి రావు.’ ఒక్క బూతు లేదు! కాకపోతే కఅబ్, కిలాబ్ తెగలవాళ్లు పరాయివాళ్లు కాదు, నుమైర్‌కి దాయాదులే, అక్కడ తగిలింది దెబ్బ. ఆ తర్వాత నుమైర్ వాళ్లని మీరెవరు అంటే తెగ పేరు మింగేసి పై తాత ఆమిర్ పేరు చెప్పుకునేవాళ్లట.

↳ అన్నా ఐబ్ గురించి టైటిల్ల పెట్టి వదిలేసిన్రు. నేను కువైట్‌ల ఉన్నప్పుడు పిల్లగాడు అల్లరి చేస్తే ముసలామె ‘ఐబ్ అలైక్!’ అనేది, పెద్ద తిట్టేం కాదు, తప్పు కదరా అన్నట్టు. మా నిజామాబాద్ దిక్కు సంతల ఎడ్లు కొనేటప్పుడు ‘ఐబేమన్న ఉన్నదా’ అని అడుగుతరు, రెండూ ఒకటేనా?

↳ ఒకటే అన్నా. అరబ్బీలోనూ సరుకులో లోపం ఐబే. లోపం దాచి అమ్మితే కొన్నవాడు వాపస్ ఇచ్చేయొచ్చు, ఇస్లామిక్ ఫిఖ్‌లో (ధర్మశాస్త్రంలో) ఆ హక్కుకి ‘ఖియారుల్ ఐబ్’ అని పేరు కూడా ఉంది. మీ దగ్గర పజీత తీసిండు అంటారే, అది కూడా ఈ ఫదీహానే, ఉర్దూ ఫజీహత్ మీదుగా వచ్చింది.