ప్రీసీజన్ ఆటలు చూసి మిడ్‌ఫీల్డ్ సంగతి తేల్చేయొచ్చా?

గడియారస్తంభం (అమలాపురం):
నిన్న టీ కొట్టు దగ్గర మొదలైన గొడవ ఇది. ఫుట్‌బాల్‌లో లీగ్ మొదలవకముందు ఆడే ప్రీసీజన్ ఫ్రెండ్లీలు చూస్తే టీమ్ సంగతి, ముఖ్యంగా మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డ్ సంగతి తెలిసిపోతుందని మావాడి వాదన. నేను ఒప్పుకోలేదు. 2014లో మాంచెస్టర్ యునైటెడ్‌కి వాన్ గాల్ కోచ్‌గా కొత్తగా వచ్చాడు. అమెరికాలో ఎల్ఏ గెలాక్సీని 7-0తో ఉతికారు. రియల్ మాడ్రిడ్‌ని 3-1, లివర్‌పూల్‌ని 3-1. ఇంటికొచ్చి లీగ్ మొదటి మ్యాచ్‌లోనే స్వాన్సీ చేతిలో 1-2. పది రోజులకి మూడో డివిజన్ టీమ్ ఎంకే డాన్స్ చేతిలో 0-4! ప్రీసీజన్ అంటే డింకీ పందెం. కత్తి కట్టకుండా ఎగిరిన కోడిని చూసి ఎవరైనా లక్షలు కాస్తారా?

భీమవరం బుల్లోడు:
ఆయ్, డింకీ మాట మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నానండి. కోడి కాలు ఎలా వేస్తోంది, ఎంతసేపటికి ఆయాసపడుతోంది అన్నవి డింకీలోనే చూస్తారు. 2023లో లివర్‌పూల్ తన మిడ్‌ఫీల్డర్లు ఫాబిన్యోని, హెండర్సన్‌ని సౌదీకి అమ్మేసింది. జర్మనీలో రెండో డివిజన్ టీమ్ గ్రాయిటర్ ఫ్యూర్త్‌తో 4-4. సింగపూర్‌లో బేయర్న్ మీద 2-0తో ముందుండి 3-4తో ఓడారు. డిఫెన్స్ ముందు కాపలా లేదని చిన్నపిల్లాడికైనా తెలిసింది. లీగ్ మొదటి మ్యాచ్ అయ్యాక ఆ కాపలాకి ఎండోని కొన్నారు.

గడియారస్తంభం:
అదే సీజన్‌లో 82 పాయింట్లతో మూడో స్థానం, పైగా లీగ్ కప్పు. ఆ ముక్క మింగేశారేం?

శివారు రైతు:
మిడ్‌ఫీల్డ్ అంటే కాలువండి. ధవళేశ్వరంలో నీళ్లు వదిలితే ఎగువ వాళ్లు ముందే ఊడ్పులకి దిగుతారు. మా శివారుకి తడి తగిలేదాకా కాలువ బాగుందో, గుర్రపుడెక్క పట్టేసిందో తెలియదు. 2024లో తెల్లవారుజామున లేచి మరీ చూశాను. కొత్త కోచ్ స్లాట్ కింద లివర్‌పూల్ బెటిస్ మీద 1-0, ఆర్సెనల్ మీద 2-1, యునైటెడ్ మీద 3-0. అయినా అందరిదీ ఒకటే టెన్షన్, డిఫెన్స్ ముందు కాపలా కాసే నంబర్ సిక్స్ ఎవరని. కొందామనుకున్న జుబిమెండి రానన్నాడు. ఆ చోట గ్రావెన్‌బెర్క్ నిలబడ్డాడు, 84 పాయింట్లతో టైటిల్ కొట్టారు. ఇది ఏ ఫ్రెండ్లీలో కనబడిందో చెప్పండి!

పీఈటీ మాస్టారు (కాకినాడ):
స్కోరుతో పని లేదండి. ప్రీసీజన్ రోజుల్లో ప్రాక్టీసుకే కాళ్లు బరువెక్కి ఉంటాయి, గంట దాటగానే సగం టీమ్ మారిపోతుంది. నేను మిడ్‌ఫీల్డ్ సెంటర్‌లో ఆడే కుర్రాణ్ణి మాత్రమే చూస్తాను. బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూశాడా, లేదా?

కిందటి జూలైలో మా పిల్లలు ఫ్రెండ్లీ 5-1తో గెలిచారు. వానకి నల్లమట్టి బూట్లకి ముద్దలు ముద్దలుగా అంటుకుంటోంది. మా సెంటర్ కుర్రాడు ప్రతి బంతినీ సొంత గోల్ వైపు తిరిగి అందుకుని, ఇచ్చినవాడికే తిరిగి ఇచ్చేస్తున్నాడు. ఆ రోజు అందరూ నాకు స్వీట్లు పెట్టారు గానీ నా మాట వినలేదు. టోర్నమెంట్లో అవతలివాళ్లు వాడి వీపుకి ఒకణ్ణి అంటించారు. 0-3.

గడియారస్తంభం:
మాస్టారూ, మీరు గట్టు మీద నిలబడి చూస్తారు. మాది ఫోన్. కెమెరా బంతి వెంటే పరిగెడుతుంది, వాడు తల తిప్పాడో లేదో మాకెలా తెలుస్తుంది?

పీఈటీ మాస్టారు:
గోల్‌కీపర్ తన గోల్ దగ్గర్నుంచి గోల్ కిక్ కొట్టేముందు చూడండి. కెమెరా వెనక్కి జరుగుతుంది, మైదానం చాలావరకు కనిపిస్తుంది. ఆ నాలుగైదు సెకన్లలో సిక్స్ ఎక్కడున్నాడు, వాడికీ, వెనకుండే డిఫెండర్లు సెంటర్ బ్యాక్‌లకీ మధ్య ఎంత ఖాళీ ఉంది? ఫోన్లో కూడా దొరుకుతుంది.

శివారు రైతు:
అంటే ఖాళీ కనబడుతుంది గానీ దాన్ని ఎవడు పూడుస్తాడో కనబడదు. నేనన్నదీ అదే కదండీ.

భీమవరం బుల్లోడు:
శనివారం సాయంత్రం ఐదింటికి మ్యాచ్ ఉంది. గోల్ కిక్‌లు నేను చూసి రాస్తాను. టీ డబ్బులు మాత్రం గడియారస్తంభం గారివే.