వంశశాపం: నాలుగు తరాల పాపాలు కాగితం మీద రాసి ఒప్పుకోవాలా?

తార్నాక పాఠకుడు:
మన హైదరాబాద్‌లో కొన్ని విడుదల ప్రార్థనల్లో (శాపాలు, దయ్యాల నుంచి విడిపించమని చేసే ప్రార్థనలు) ఒక కాగితం చేతికిస్తున్నారు. పెద్దల పాపం వల్ల ఇంటిమీదికి వచ్చే శాపాన్నే వంశశాపం అంటున్నారు. తండ్రి, తాత, ముత్తాత ఏ పాపం చేశారో గుర్తుచేసుకుని రాయాలి, ఒక్కోటి పేరుపెట్టి ఒప్పుకోవాలి, అప్పుడే శాపం తెగుతుందని చెప్తున్నారు. ఆధారంగా చూపేది నిర్గమకాండము 20:5, తండ్రుల దోషాన్ని మూడు నాలుగు తరాల వరకు పిల్లల మీదికి రప్పిస్తానని దేవుడు చెప్పిన మాట. ఆ వచనాన్ని సగానికి కోసి చదవడమే ఇక్కడ తప్పు. మూడు నాలుగు తరాల మాట "నన్ను ద్వేషించువారి" గురించి. వెంటనే 6వ వచనంలో, ప్రేమించేవారికి వెయ్యి తరాల కరుణ ఉంది. ఆ కాగితంలో వెయ్యికి చోటేదీ? యెహెజ్కేలు 18:20 అయితే తండ్రి దోషశిక్ష కొడుకు మోయడని సూటిగానే తేల్చింది.

మల్కాజిగిరి:
బ్రదర్, కాగితం సంగతి పక్కనపెట్టండి. యెహెజ్కేలు ఒక్కడితో తీర్పు చెప్పేస్తే మిగతా లేఖనం ఏం కావాలి? యెహోషువ 7లో ఆకాను అనే ఇశ్రాయేలీయుడు, ముట్టకూడదన్న యెరికో దోపుడు సొమ్ములోంచి దాచింది ఒక షీనారు పైవస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి. దానివల్ల హాయి పట్టణం దగ్గర యుద్ధంలో ఓడి చనిపోయిన 36 మందికి ఆ దొంగతనం సంగతే తెలియదు. శిక్షించడానికి ఆకోరు లోయకు అతనితో పాటు అతని కొడుకులనూ కూతుళ్లనూ తీసుకెళ్లారు. విగ్రహాలను పూజించిన యూదా రాజు మనష్షే 55 ఏళ్లు ఏలాడు. తర్వాత అతని మనవడు యోషీయా రాజు విగ్రహాలన్నీ పగలగొట్టించినా, మనష్షే పుట్టించిన దేవుని కోపం చల్లారలేదని 2 రాజులు 23:26లో ఉంది. "మా తండ్రులు పాపం చేసి పోయారు, వారి దోషశిక్ష మేం మోస్తున్నాం" అన్నది విలాపవాక్యములు 5:7 భావం. ఇవన్నీ లేఖనం కాదా?

రామంతాపూర్ సండేస్కూల్ టీచర్:
అన్నా, మీరు చూపినవన్నీ నిజమే. కానీ అపరాధం వేరు, దాని పర్యవసానం వేరు. ఈ రెండూ కలిసిపోతున్నాయి. హెబ్రీలో "అవోన్" అనే ఒకే మాటకు రెండర్థాలూ ఉన్నాయి. అందుకే నిర్గమకాండంలో "దోషము" అని, యెహెజ్కేలులో "దోషశిక్ష" అని మన తెలుగు బైబిల్లో వేర్వేరుగా వచ్చింది. తేడా కళ్లకు కట్టాలంటే 2 సమూయేలు 12 చదవాలి. దావీదు రాజు ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను చంపించిన తర్వాతి సంగతి అది. 13వ వచనంలో దావీదు పాపం పరిహారమైంది, నీవు చావవని నాతాను ప్రవక్త చెప్పాడు. కానీ 10వ వచనంలో చెప్పిన కత్తి అతని ఇంటిని వదల్లేదు: అతని కొడుకులు అమ్నోను, అబ్షాలోము, చివరికి అదోనీయా చంపబడ్డారు. క్షమాపణ దొరికింది, ఇల్లు మాత్రం చీలిపోయింది.

ఇక యెహెజ్కేలు ప్రవక్త ఎవరితో మాట్లాడుతున్నాడు? క్రీ.పూ. 597లో యెరూషలేము నుంచి చెరపట్టి తెచ్చిన యూదులతో, బబులోనులో కెబారు నది దగ్గర. "తండ్రులు ద్రాక్షకాయలు తినగా పిల్లల పళ్లు పులిసెను" అన్నది వాళ్ల సామెత. (మన అనువాదకులు పండ్లు అనకుండా కాయలు అనడం ఎంత బాగుందో! పళ్లు పులిసేది పచ్చికాయకే.) ఆ సామెత వాళ్లకు ఒక సాకైంది: అంతా పెద్దల పుణ్యం, ఇక మనం మారి లాభమేంటని. దానికి జవాబు యెహెజ్కేలు 18లోనే 32వ వచనం, చచ్చేవాడి మరణం వల్ల నాకు సంతోషం లేదు, మళ్లుకొనండి అని. కాగితం పట్టుకున్నవాళ్లు తెలియకుండానే ఆ సామెతనే మళ్లీ పాడుతున్నారు.

మల్కాజిగిరి:
కత్తి సంగతి ఒప్పుకుంటాను సిస్టర్. మరి అదే 2 సమూయేలు 12లో, 18వ వచనంలో ఏడో రోజున చనిపోయిన దావీదు పసిబిడ్డ సంగతేంటి? అది ఇల్లు చీలడం కాదు కదా, నేరుగా దేవుడు మొత్తాడని 15వ వచనం చెప్తోంది. ఇంకొకటి, లేవీయకాండము 26:40 తండ్రుల దోషాన్ని కూడా ఒప్పుకోమంటోంది. దానియేలు ప్రవక్త 9వ అధ్యాయంలో చేసింది అదే.

తార్నాక పాఠకుడు:
పసిబిడ్డ దగ్గర నా దగ్గర తేలికైన జవాబు లేదు, ఉన్నట్టు మాట్లాడను. లేవీయకాండానికి మాత్రం ఉంది. అక్కడ ముందు "తమ దోషము", తర్వాతే తండ్రుల దోషము. దానియేలు 9:5లో కూడా "మేము పాపం చేశాం" అని మొదలవుతుంది. అది జనమంతటి తరఫున చేసిన ఒప్పుకోలు. ముత్తాత రహస్యాల పేరుపట్టీ ఎక్కడా లేదు.

రామంతాపూర్ సండేస్కూల్ టీచర్:
కోరహునూ చేర్చండి. సంఖ్యాకాండము 16లో మోషే మీద తిరగబడిన అతన్ని భూమి మింగేసిందని పాఠం అక్కడే ఆపేస్తారు. 26:11 చూపరు: కోరహు కొడుకులు చావలేదు. కీర్తనలు 84, 85 పైన ఉన్నది ఆ వంశం పేరే. వ్యాధి వచ్చిన ఇంట్లో ఆ కాగితం నింపిస్తుంటే ముందు యోహాను 9:3 చదివించాలి. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా, కన్నవాళ్లు చేశారా అని శిష్యులు అడిగితే, యేసు రెండూ కాదన్నాడు.

మల్కాజిగిరి:
ఈ ఆదివారం మా గుంపులో యెహెజ్కేలు 18నీ 2 సమూయేలు 12నీ పక్కపక్కన పెట్టి చదువుతాం. బిడ్డ ప్రశ్న మాత్రం వదలను.